జేబులో కేక

ఆ ఉదయం ఆకాశం తెల్లారీ తెల్లారనట్టే ఆగిపోయింది. వాన పడే మబ్బు కాదు, ఎండ కాసే తెలుపూ కాదు. ఉతికి పిండకుండా వదిలేసిన పాత దుప్పటిలా గోదాముల రేకుల మీదికి వేలాడుతోంది. గాలి లేదు. లారీల యార్డులో లేచిన దుమ్ము లేచినచోటే నిలబడుతోంది.

పంక్చరు షాపు పైగదిలో, కిటికీ దగ్గర నిలబడి తమ్ముడు ఆ దుమ్మునే చూస్తున్నాడు. ఆ గదే వాళ్ళ కంపెనీ. రెండు బల్లలు, మూడు కుర్చీలు, గోడకు ఆనించిన పోస్టర్ల కట్ట. కింద గాలి పట్టే మిషను ఆడినప్పుడల్లా బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు దానంతటది అంచుదాకా జరిగేది. అక్క తలెత్తకుండానే దాన్ని వెనక్కి నెట్టేది. ప్రోగ్రాం రాసేది తమ్ముడు. లారీ లారీకి తిరిగి డ్రైవర్ల ఫోన్లలో దాన్ని ఎక్కించేది అక్క. మూడో మనిషి అక్క మొగుడు, బావ. ఆయనకు జీతం లేదు, కుర్చీలో కూర్చున్న పాపానా పోలేదు. కానీ ఆయన నోరే లేకపోతే ఆ కంపెనీ ఆ గది గుమ్మం దాటేది కాదు.

యార్డులో పని దొరికే పద్ధతి ఒకటుంది. నడిమధ్యలో సిమెంటు దిమ్మ. పొద్దున్నే మేస్త్రి దాని మీదికెక్కి కేక వేస్తాడు, ఫలానా సరుకు, ఫలానా ఊరు అని. కింద డ్రైవర్లు చేతులెత్తుతారు. మేస్త్రి ఎవరి వైపు గడ్డం ఎగరేస్తే లోడు వాడిది. ఆయనకు గిట్టనివాడు ఎంతసేపు చెయ్యెత్తినా చంక నొప్పే మిగులుతుంది. ఒకసారి దణ్ణం పెట్టడం మరిచినందుకు ఒక డ్రైవరు బండి టైర్ల చుట్టూ గడ్డి మొలిచేదాకా కదల్లేదు. అది అందరూ చూశారు. మర్నాడు పొద్దున మళ్ళీ చేతులెత్తారు.

తమ్ముడు చేసిన యాప్ పేరు కూడా కేకే. సరుకున్న వ్యాపారి తన గదిలో కూర్చుని ఫోన్లో ఒక్క మాట చెబితే చాలు, డ్రైవర్లందరికీ ఒకేసారి వినబడుతుంది. ముందు పలికినవాడిదే లోడు. ఒక్కరికే చెప్పుకోవచ్చు, అందరికీ చెప్పొచ్చు. రాసే పని లేదు, చదివే పని లేదు. స్టీరింగు మీద చేతులున్నవాడు ఫోన్ తీసి నొక్కలేడు కనక, మాట రాగానే ఫోనే పలుకుతుంది. మొదట్లో డ్రైవర్లు సౌండు తగ్గించి పడుకునేవాళ్ళు. లేచాక లోడు పోయిందని అక్కతో తగువుపడేవాళ్ళు. ఆ తగువులు పడలేక తమ్ముడు సౌండు తగ్గించే దారే మూసేశాడు. ఇక అది చొక్కా జేబులో ఉన్నా, తలగడ కింద ఉన్నా నిండు గొంతుతో అరవాల్సిందే. పోస్టరు మీద పెద్దక్షరాలతో అదే వేయించాడు: నొక్కక్కర్లేదు, పలుకుతుంది.

తను మాత్రం ఎప్పుడూ దాన్ని బల్ల మీద పెట్టుకుని, చెవుల్లో తీగలు దోపుకునే విన్నాడు. 

బావను యార్డులో హారను అంటారు. ఆయన వస్తున్నాడంటే బండి కంటే ముందు గొంతు వస్తుంది. చావింట్లో కూడా ఎవరో ఒకర్ని నవ్వించి తిట్లు తినేరకం. యాప్ తెరవగానే మొదట పలికేది ఆయనే. ఆ గొంతు విని నమ్మినవాళ్ళే సగంమంది. దానికి అక్క ఒప్పుకుంది, కానీ ఒక మాట పెట్టింది.

“మీ బావ గొంతు వాడుకో. మనిషిని మాత్రం ముందు నిలబెట్టకు. మేస్త్రి మనుషులు గొంతును కొట్టలేరు. పొద్దున పంపిన మనిషి పంపినట్టే ఇంటికి రావాలి నాకు.”

తమ్ముడు సరేనన్నాడు. ఆ సరేకి సాక్ష్యం బల్ల మీద గ్లాసొక్కటే.

ఆ రోజు కేకను బహిరంగంగా మొదలుపెట్టే రోజు. బట్టల గోదాము యజమాని తన లోడ్లన్నీ ఇకనుంచి కేకలోనే చెబుతానని మాటిచ్చాడు. ఆ మొదటి లోడు అందరి ముందూ పలకాలి. ఒక ఖాళీ లారీని యార్డు మధ్యకు తెచ్చి, వెనక తలుపు దించి, దాన్నే వేదిక చేశారు. అక్క పోస్టర్లు పట్టుకుని ఊరవతల ఇంకో యార్డుకు వెళ్ళింది. తమ్ముడు మైకు పట్టుకుని లారీ ఎక్కాడు. అందరికీ నమస్కారం అని, అక్కడే ఆగిపోయాడు. ముందు నలుగురైదుగురు నిలబడి పళ్ళు తోముకుంటున్నారు. దిమ్మ మీంచి మేస్త్రి చూస్తున్నాడు, తొందరేమీ లేనట్టు.

తమ్ముడు బావ కోసం చూశాడు. బావ టీ కొట్టు దగ్గర, వేళ్ళు కాలుతున్న గ్లాసు చేతులు మార్చుకుంటూ, ఇటే చూస్తున్నాడు. పిలిస్తే వస్తాడని తెలుసు. పిలవకపోతే ఈ రోజు నీరుగారిపోతుందనీ తెలుసు. అక్క మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. వచ్చిన మాటే తల వంచుకుని పక్కకు జరిగింది. చేత్తో సైగ చేశాడు.

బావ లారీ ఎక్కాడు. మైకు పక్కన పెట్టేశాడు, తనకది అవమానమన్నట్టు. ఇద్దరు పెళ్ళాల కథ ఒకటి చెప్పాడు, మేస్త్రి గడ్డం మీద ఒక మాట విసిరాడు. చూస్తుండగానే నిలబడడానికి చోటు లేకుండా పోయింది. అప్పుడు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, గుసగుసగా, పెళ్ళాంతో రహస్యం చెప్పినట్టు అన్నాడు:

“అన్నలూ, నేనే, హారన్ని. తప్పదు, భరించండి.”

మరుక్షణం యార్డులో ప్రతి జేబూ అదే మాట అరిచింది. క్యాబిన్లలో, టైర్ల నీడల్లో, నిద్రపోతున్నవాళ్ళ తలల కింద. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వులో ఒక్క గొంతు ఆలస్యంగా, దిమ్మ పక్కనుంచి వినబడింది. తప్పదు, భరించండి. నవ్వు టక్కున ఆగిపోయింది.

అది కొక్కెం జేబులోంచి వచ్చింది.

కొక్కెం మేస్త్రి కుడిచెయ్యి. హమాలీలు మూటల్లో గుచ్చి ఎత్తే ఇనుప కొక్కెం ఎప్పుడూ వాడి భుజాన వేలాడుతుంది, అందుకా పేరు. ఒకప్పుడు బావ బండికి వాడే క్లీనరు. బావ తిన్న గిన్నెలోనే తిన్నాడు, బావ కప్పుకున్న టార్పాలిన్ కిందే పడుకున్నాడు. లారీ వెనక్కి వస్తున్నప్పుడు డ్రైవరుకు వెనకేముందో కనబడదు. క్లీనరు పక్కన నడుస్తూ బాడీ మీద అరచేత్తో కొడతాడు. రెండు దెబ్బలంటే రా. ఒక్క దెబ్బంటే ఆగు. ఆ ఒక్క దెబ్బ చెవిన పడ్డాక డ్రైవరు ఇంకేమీ ఆలోచించడు, కాలు దానంతటది బ్రేకు తొక్కుతుంది. అది కొక్కేనికి నేర్పింది బావే. ఆ చనువుతోనే మొన్న టీ కొట్టు దగ్గర వాడి ఫోన్ లాక్కుని కేక ఎక్కించాడు. మేస్త్రి చూస్తే చంపుతాడన్నా అని వాడు గింజుకుంటే, చంపేటప్పుడు దీంట్లో చెప్పరా, అందరికీ వినబడుతుంది అని నవ్వాడు.

మేస్త్రి కొక్కెం జేబు వైపు చూశాడు. తర్వాత వాడి మొహం వైపు.  వాడి భుజం మీంచి కొక్కెం తీసి, వాడి చేతికే ఇచ్చాడు.

ఆ తర్వాత జరిగింది తమ్ముడికి వరసగా గుర్తులేదు. ముందు బ్యానరు నిలువునా చిరిగింది. పెద్ద స్పీకరు లారీ మీంచి బోర్లా పడి, పడ్డాక కూడా కాసేపు గీపెట్టింది. హమాలీలు నాలుగు వైపుల నుంచీ వచ్చారు. బట్టల గోదాము గుమాస్తా పరుగెత్తబోతే కాలు అడ్డం పెట్టి, పడ్డవాడి పక్కటెముకల్లో తన్నారు. దణ్ణం పెట్టడం మరిచిన ఆ డ్రైవరు కేక పోస్టరు గుండెలకు పట్టుకుని నిలబడ్డాడు. వాడి నెత్తిన కొక్కెం మొన దిగింది. రక్తం కనుబొమ దగ్గర ఒక్క క్షణం ఆగి, దారి చూసుకుని, కంట్లోకి కారింది. జనం కకావికలయ్యారు. బావ తమ్ముడి మెడ పట్టుకుని లారీ మీంచి కిందికి తోసి, పైగదికి పో అని అరిచి, తను లారీల సందుల్లోకి పరుగెత్తాడు.

తమ్ముడు మెట్లు ఎక్కాడు. గది తలుపు గడియ పెట్టి, బల్ల అడ్డం జరిపి, కిటికీ దగ్గరికి వచ్చాడు.

పైనుంచి యార్డంతా అరచేతిలో గీతల్లా కనబడుతోంది. బావ ఎర్ర లారీ కింద దూరడం చూశాడు. వెనక చక్రాల మధ్య, ఇరుసు కింద, వెల్లకిలా పడుకున్నాడు. దుమ్ము నిలబడి ఉండడం మంచిదే అయింది, కింద వెతికేవాళ్ళకు కాళ్ళు కూడా కనబడవు, పైనుంచి ఏటవాలుగా చూస్తేనే తెలుస్తోంది. కొక్కెం, వాడి వెనక నలుగురు, లారీలను తూచే కాటా పక్కనుంచి ఒక్కో బండీ వంగి చూస్తూ వస్తున్నారు. ఎర్ర లారీ ఇంకా దూరం. బావ తల ఎత్తాడు. అటు నుంచి బయటికి దొర్లితే గోడ, గోడ దాటితే రోడ్డు. దొర్లబోతున్నాడు. కానీ గోడ దగ్గర ఇంకో ఇద్దరు కాపున్నారు. ఆ సంగతి పైనున్న తమ్ముడికే కనబడుతోంది.

తమ్ముడు ఫోన్ తీశాడు. బావ ఒక్కడికే అన్నచోట వేలు పెట్టాడు. గొంతులో కిచకిచ అడ్డుపడితే చిన్నగా దగ్గాడు.

“బావా, కదలకు. గోడ దగ్గర ఉన్నారు. ఎర్ర లారీ కిందే ఉండు.”

పంపేశాక గుక్క మింగాడు. ఆ గుక్క గొంతు దిగేలోగా ఎర్ర లారీ కిందనుంచి ఎవరో దగ్గారు.

అది తన దగ్గే.

బావా, కదలకు, అని తన గొంతే యార్డంతా వినబడేలా అరిచింది. గోడ దగ్గర ఉన్నారు. ఎర్ర లారీ కిందే ఉండు. బావ రెండు చేతులతో జేబును గుండెకేసి అదుముకోవడం తమ్ముడు చూశాడు. అదిమినా అది ఆగేది కాదని ఆయనకు తెలియదు. తెలిసినవాడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కొక్కెం నడక ఆపి, చెవి ఒగ్గి, మాట పూర్తయ్యేదాకా విన్నాడు. ఆ తర్వాత పరుగేమీ తీయలేదు. తిన్నగా నడిచి వచ్చాడు.

తమ్ముడు బల్ల లాగి, గడియ తీసి, మెట్ల మీద పడుతూ లేస్తూ కిందికి వచ్చేసరికి బావను చీలమండ దగ్గర పంట్లాంలో కొక్కెం గుచ్చి మూటను లాగినట్టు బయటికి లాగేశారు. నేల మీద గీత పడింది. ఒకడు ఛాతీ మీద మోకాలు పెట్టాడు. బావ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏరా, నా దగ్గర నేర్చుకున్నదంతా అయిపోయి ఇక్కడికొచ్చావా, అంటున్నాడు. కొక్కెం ఒక డ్రైవరు చేతిలోంచి చక్రాల బోల్టులు విప్పే పానా తీసుకున్నాడు. వాడి మొహంలో కోపం లేదు. కోపం లేకపోవడమే భయం పుట్టిస్తోంది. మేస్త్రి దిమ్మ దిగి వచ్చి వెనక నిలబడ్డాడని వాడికి తెలుసు. వాడి మెడ అది చూడకుండానే చూస్తోంది.

మొదటి దెబ్బ దవడ మీద పడింది. కొబ్బరిచిప్ప మీద రాయి పడిన చప్పుడు కాదు, తడి గుడ్డలో చుట్టిన గిన్నె పడిన చప్పుడు. రెండో దెబ్బకు నోరు పక్కకు జారింది. తమ్ముడు మీద పడబోతే ఎవడో కాలితో మోకాలి వెనక కొట్టి పడేశాడు. ఇంకెవడో చెంప మీద చెప్పుకాలు మోపి, నేలకు అదిమిపెట్టాడు. ఒక కన్ను దుమ్ములో ఉంది. తెరిచి ఉన్న కంటితో మూడో దెబ్బ కూడా చూశాడు.

మేస్త్రి వంగి, బావ జేబులోంచి ఫోన్ తీసి, ధూళి దులిపి, బావ గుండెల మీదే జాగ్రత్తగా పెట్టాడు.

“మాట్లాడే ఫోనుందిగా,” అన్నాడు. “ఇక మనిషెందుకు మాట్లాడ్డం.”

ఆసుపత్రిలో డాక్టరు దవడను తీగలతో బిగించి కట్టాడు. ముక్కలు అతుక్కుంటాయి గానీ మాట ఎలా వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. పోలీసు వచ్చి యార్డులో అడిగాడు, ఎవరూ ఏమీ చూడలేదన్నారు. అక్క బావ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తమ్ముడు ఎర్ర లారీ సంగతి, ఫోన్ సంగతి, సైగ చేసి పిలిచిన సంగతీ అన్నీ చెప్పాడు. ఆమె అతని మొహం వైపు చూడలేదు. తిడుతుందని కాసుకుని నిలబడ్డాడు. తిట్టలేదు. బావ చొక్కా మీద రక్తం ఎండి అట్టకట్టిన చోట గోటితో గీకుతూ ఉండిపోయింది. ఆ గోటి చప్పుడు తమ్ముడి వెంట ఇంటిదాకా వచ్చింది.

మర్నాడు అతను పైగదికి వెళ్ళింది కంప్యూటరు సర్ది తెచ్చుకుందామనే. కిటికీ మూయబోయి కిందికి చూశాడు. బావ పడ్డచోట ఎవరో ఇసుక చల్లారు. దిమ్మ మీద మేస్త్రి కేక వేస్తున్నాడు, చేతులు లేస్తున్నాయి. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. టీ కొట్టు బల్ల మీద కొక్కెం ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. ఆ దువ్విన తల చూడగానే తమ్ముడు కిటికీ మూయడం ఆపేశాడు. ఫోన్ తీశాడు. అందరికీ అన్నచోట వేలు పెట్టాడు. 

“హారను ఇక మాట్లాడడు. దవడ ముక్కలైంది. దాన్ని పగలగొట్టిన చెయ్యి టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని ఉంది. భరించండి.”

నిన్న బావ మాట అరిచిన జేబులన్నీ ఇవాళ ఈ మాట పలికాయి. కొక్కెం జేబు కూడా పలికింది. వాడు తల వంచి తన గుండెల్లోంచి వస్తున్న మాటను చివరిదాకా విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

ఒక క్యాబిను తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఎన్నో లెక్కపెట్టలేనన్ని. దిమ్మ ముందు లేచిన చేతులు దిగి, సీట్ల కిందికి వెళ్ళి, పానాలతో, జాకీ రాడ్లతో బయటికి వచ్చాయి. మేస్త్రి దిమ్మ దిగాడు. గోదాము షట్టరు సగం దించి, దాని కింద వంగి లోపలికి పోయాడు. లోపల తాళం పడింది. కొక్కెం ఆ షట్టరు దాకా పరుగెత్తి రెండు చేతులతో బాదాడు. అది తెరుచుకోలేదు.

అక్కడే పట్టుకున్నారు. కొక్కెం తన ఇనుప కొక్కేన్ని ఒక్కసారి గిర్రున తిప్పాడు, ఒకడి ముంజేయి చీలింది. రెండోసారి తిప్పేలోగా రాడ్డు మోచేతి మీద పడింది. చెయ్యి మడత పడకూడని వైపు మడత పడింది. ఆ తర్వాత మనిషి కనబడలేదు, లేచి దిగే చేతులే కనబడ్డాయి. కొట్టేవాళ్ళు అరవడం లేదు. రొప్పుతున్నారు. ఏళ్ళ తరబడి పైకెత్తి పైకెత్తి ఊరకే దించిన చేతులవి.

తమ్ముడు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాడు. మొదట ఒంట్లో వేడిగా, హాయిగా ఉంది. ఆ హాయి ఎప్పుడు పోయిందో తెలియదు. వాణ్ణి కాళ్ళు పట్టి ఈడ్చుకుపోయి గోదాము గోడ మొదట్లో పడేశారు. నెత్తికి కట్టు కట్టుకున్న డ్రైవరు తన లారీ ఎక్కాడు. రివర్సు గేరు పడింది. లారీ వెనక భాగం గోడ వైపు, గోడకు ఆనుకున్న మనిషి వైపు మెల్లగా జరగడం మొదలెట్టింది. కొక్కెం చేతుల మీద లేవబోయాడు. ఒక చెయ్యి మాట వినలేదు.

తమ్ముడు ఫోన్లో ఆపండి అని అరిచాడు. అందరికీ అరిచాడు. జేబులన్నీ అరిచాయి గానీ ఒకదాని వెనక ఒకటి, ఒకదాని మీద ఒకటి పడి, ఆపండి పండి పండి అని యార్డంతా కాకుల గుంపు లేచినట్టయింది. అది మాటని ఎవరికీ తెలియలేదు. పైగా ఇంజను రొద.

అతను ఫోన్ పారేసి మెట్లు దూకాడు. జనాన్ని తోసుకుంటూ, ఎవడిదో మోచెయ్యి ముక్కుకు తగిలి రక్తం కారుతున్నా ఆగకుండా లారీ పక్కకు చేరాడు. డ్రైవరు క్యాబిన్లో ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఏం కేకవేసినా వినే మొహం కాదది. వెనక కొక్కెం ఎడమ కాలు అప్పటికే బంపరుకూ గోడకూ మధ్య చిక్కుకుంది. ఎముక నలుగుతున్న చప్పుడు, వాడి అరుపు ఒకేసారి వచ్చాయి.

తమ్ముడు అరచెయ్యెత్తి బాడీ రేకు మీద ఒక్కటి కొట్టాడు. 

ఒక్కటే.

లారీ ఆగిపోయింది. డ్రైవరు ఆపలేదు, వాడి కాలు ఆపింది. ఆగాక గానీ వాడికి తెలియలేదు. తల బయటికి పెట్టి, కట్టు కిందనుంచి, ఎవడ్రా కొట్టింది అని చూశాడు. తమ్ముడు కనబడ్డాడు.

“పిలిచింది నువ్వే కదరా,” అన్నాడు డ్రైవరు.

 లారీ ముందుకు వెళ్ళాక తమ్ముడు గోడ పక్కన పడున్న కొక్కేన్ని పైకి లేపబోతే, వాడి చిరిగిన జేబులోంచి, పగిలిన ఫోన్, అందరికంటే ఆలస్యంగా, తన గొంతుతోనే, ఆపండి అంది.

ఊళ్ళో ఉన్నది ఒకటే ఆసుపత్రి. మగవాళ్ళ వార్డూ ఒకటే. ఖాళీగా ఉన్నది బావ మంచం పక్క మంచం.

ఈలోగా రెండు రోజులు పైగదిలో తమ్ముడికి ఊపిరాడకుండా మనుషులొచ్చారు. బట్టల గోదాము యజమాని భుజం తట్టి, ఇన్ని పోస్టర్లు వేసినా రాని పేరు ఒక్క మాటతో వచ్చిందన్నాడు. ఊరవతల యార్డు వాళ్ళు తమకూ కేక కావాలన్నారు. ఎందుకని అడిగితే, మాకూ ఒక మేస్త్రి ఉన్నాడుగా అని కన్ను గీటారు. కొత్తగా ఎక్కించుకున్నవాళ్ళు మొదట వినేది ఇంకా బావ గొంతే. అన్నలూ, నేనే, హారన్ని. తమ్ముడు వాళ్ళందరినీ పంపేసి తలుపు వేసుకున్నాడు. కింద గాలి మిషను ఆడింది. గ్లాసు అంచుదాకా జరిగింది. నెట్టేవాళ్ళు లేక కిందపడి పగిలింది. అతను కంప్యూటరు ముందు కూర్చుని కేకను నిలిపేశాడు. యార్డులో జేబులన్నీ ఒకేసారి మూగవైపోయాయి.

ఆ మధ్యాహ్నం వార్డుకు వెళ్ళాడు. అక్క క్యారియరు విప్పుతోంది. బావ తలగడకు ఆనుకుని కూర్చున్నాడు, మొహం కట్లలో సగమే కనబడుతోంది. పక్క మంచం మీద కొక్కెం. చెయ్యి మెడకు కట్టి ఉంది. దుప్పటి కింద ఎడమ కాలు మోకాలి దగ్గర ఆగిపోయింది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడి కోసం ఎవరూ రాలేదని నర్సు చెప్పింది. మేస్త్రి ఒక మనిషిని కూడా పంపలేదు.

“ఆపేశానక్కా,” అన్నాడు తమ్ముడు. “కేక ఇక లేదు.”

అక్క గిన్నెలు సర్దుతూనే ఉంది. తల ఎత్తకుండానే అంది:

“మొన్న నువ్వు అరిచింది నా ఫోనూ పలికింది. ఈ మంచం పక్కనే. మీ బావ విన్నాడు. కొట్టిన చెయ్యి చూపించిందీ, తర్వాత ఆపమన్నదీ, రెండూ విన్నాడు.”

తమ్ముడు బావ వైపు చూడలేకపోయాడు. చూశాడు. ఆ కళ్ళలో తిట్టు లేదు, నవ్వు లేదు. ఇన్నేళ్ళుగా ఆ మొహంలో ఎప్పుడూ ముందు నోరే కనబడేది, కళ్ళు ఎలా ఉంటాయో ఇప్పుడే తెలిసింది.

అక్క బావకు పల్చటి జావ గ్లాసులో పోసి గొట్టం పెట్టింది. తనకూ తమ్ముడికీ కంచాల్లో అన్నం పెట్టింది. బావ గొట్టం నోట్లో పెట్టుకోలేదు. పక్క మంచం వైపు చూశాడు. అక్కకు అర్థమైంది. అర్థం కానట్టు కూర గరిటె తీసింది. ఆమె దవడ కూడా బిగిసి ఉంది, తీగలేమీ లేకుండానే.

బావ అరచెయ్యెత్తి ఇనప మంచం అంచు మీద కొట్టాడు. రెండు దెబ్బలు.

గోడ వైపు తిరిగిన మనిషి వీపు ఉలిక్కిపడింది. ఆ లెక్క ఆ వార్డులో వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అక్క లేచింది. క్యారియరు పైగిన్నె మూతలో అన్నం పెట్టింది. పెట్టడంలో అంత విసురుంది, నాలుగు మెతుకులు నేల మీద పడ్డాయి. కూర వేసి, పక్క మంచం మీద, వాడి తల దగ్గర పెట్టి వచ్చేసింది. వాడు చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా ఇటు తిరిగి, లేచి కూర్చున్నాడు. పనికొచ్చే చెయ్యి ఎడమది. దాంతో కలపడం చేతకాక మెతుకులు జారుతున్నాయి. తమ్ముడు తన కంచం పట్టుకుని వెళ్ళి, ఆ మంచం అంచున కూర్చుని, మూతను వాడి ఒళ్ళోకి జరిపి, జారకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు.

బావ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. అక్క మొదటి ముద్ద ఎత్తింది.  కిటికీ అవతల ఎండ బాగా కాస్తోంది. నలుగురూ తిన్నారు.